దిద్దకుండా వదిలినవి

అరండల్‌పేటలో ఒక ప్రెస్సు వెనక గదిలో
ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను.
పురుగుమందుల కరపత్రాలు, శుభలేఖలు,
ఎంసెట్ గైడ్లు, పెద్దకర్మ కార్డులు.
పోయినవాళ్ల పేరులో ఒత్తు ఎగిరిపోతే
ఉన్నవాళ్లు ఇంటికొచ్చి మరీ తిడతారు.

మిర్చి యార్డు ఘాటు ఇటు తిరిగిన ఓ మధ్యాహ్నం
తుమ్ముకుంటూ చేబ్రోలు బస్సు దిగి వచ్చింది
కెజియమ్మ టీచరు. బియ్యం సంచిలో రాతప్రతి.
"మావాళ్ల పిల్ల రాసుకున్నది. తెలుగు చేశాను," అంది.
మావాళ్లంటే ఎవరని నేనడగలేదు.
శుక్రవారం పొద్దుగూకకముందే ఇల్లు చేరి
ఆవిడ రెండు దీపాలు పెడుతుందని విన్నాను.
పక్కింటివాళ్లు లక్ష్మీదేవికనుకుంటారట.

పిల్ల పేరు ఫైగా.
పోలండులో ఏదో ఊరు, నాకు నోరు తిరగదు.
నాగుల్ మీరా మూడు రకాలుగా టైపు కొట్టాడు, మూడూ తప్పే.
నాన్నది గుండీల కొట్టు.
ఆ కొట్టు పద్దు పుస్తకంలోనే రాసింది:
జమ వైపు ఇంట్లో మిగిలినవాళ్లు,
ఖర్చు వైపు తీసుకుపోబడినవాళ్లు.
'మంగళవారం. ఖర్చు: పెదనాన్న, ఇద్దరు పిల్లలు,
వయొలిన్ మాస్టారు.
ఇత్తడి గుండీలు ఆరు డజన్లు. అవి మాత్రం ఉన్నాయి.'
మొదట్లో రొట్టె గ్రాముల్లో ఉంది. తర్వాత ముక్కల్లో.
తర్వాత రొట్టె అన్న మాటే రాదు.

నాకొచ్చిన పనే చేశాను.
టీచరు 'వెలివాడ' అని రాస్తే కొట్టేసి
పక్కన 'గెట్టో' అని ఎర్రసిరాతో పెట్టాను.
ఆవిడ చాలాసేపు ఆ మాట వంక చూసింది.
"రెండూ ఒకటి కావు, తెలుసు నాకు.
కానీ గెట్టో అంటే మనవాళ్లకి దూరదేశం కనబడుద్ది.
వెలివాడ అంటే, చెప్పులు కుట్టినోడే
చెప్పులు చేతబట్టుకుని నడిచిన దారి కనబడుద్ది.
అక్కణ్ణుంచి మొదలెట్టి నడవనీ.
ఉంచు."

ముందుమాటలో నేనే ఒక మాట చేర్చాను: మారణహోమం.
పేపరువాళ్లు రోజూ వాడేదే.
ఆవిడ నా చేతిలో పెన్ను లాక్కుంది.
"హోమమా? ఏ దేవుడికి? నెయ్యెవరు పోశారు?
చంపారు. అంతే రాయి."
'చంపబడ్డారు' అని దిద్దబోయాను, వాక్యం గౌరవంగా ఉంటుందని.
"కర్తని పెట్టి రాయి నాయనా.
చంపబడ్డారంటే, చంపినవాడు
వాక్యంలోంచి మెల్లగా జారుకుంటాడు."

అప్పుడు వెనక్కి తిప్పి
'తీసుకుపోబడినవాళ్లు' అన్నచోట కూడా ఆగాను.
అది ఆవిడ రాసిందే.
ఆవిడే కొట్టేసుకుంది, ఏమీ అనకుండా.

చివరి పేజీల్లో క్రియలు లేవు.
'అమ్మ కోటు. నా గుండీ. రేపు మన వీధి'
అక్కడితో ఆగింది.
అలవాటు కొద్దీ నాగుల్ మీరా చుక్క పెట్టాడు.
నా సర్వీసులో ఎన్ని చుక్కలు పెట్టించానో లెక్కలేదు,
ఒక చుక్క తీసెయ్యమనడం ఇదే మొదలు.
"వాక్యం అవ్వలేదు కదన్నా," అన్నాడు.
అవును. అవ్వలేదు.

ఇంకో సంగతి వాడే పట్టాడు.
జమలో ఫైగా పేరు లేదు. ఖర్చులోనూ లేదు.
రెండు వైపులా చివరి గడి ఖాళీ.
"పేజీ అసయ్యంగా ఉంది, గడులు లేపేద్దామా?"
టీచరు మాట్లాడలేదు. నేనే వద్దన్నాను.
కాగితం దండగైనా సరే, ఆ ఖాళీ అచ్చవ్వాలి.

మూడు వంతెనల మీద గూడ్సు పోతోంది.
చిన్నప్పుడు పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి.
కిటికీ రెక్క వేసొచ్చాను.

ఆవిడ గడియారం చూసుకుంది. శుక్రవారం,
ఐదున్నర. చేబ్రోలు బస్సు ఎప్పుడొస్తుందో ఏమో.
జుమ్మాకి వెళ్లొచ్చిన టోపీ ఇంకా జేబులోనే ఉంది,
నాగుల్ మీరా బండి తాళం తీసి
"రండి టీచరుగారూ, చీకటిపడకముందే దింపొస్తా," అన్నాడు.
బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని
ఆవిడ ఒక పక్కకి తిరిగి కూర్చుంది.