పాక మీద ఆనపకాయ

బొబ్బిలి రైలుగేటు దాటితే మా లాడ్జి.
పరాయి దేశం మనిషి దిగితే వేరే రిజిస్టరు:
ఎర్ర అట్ట, తొమ్మిది గడులు,
మొదటి గడి ఇంటిపేరు.

గ్రోత్ సెంటర్లో కొలిమి బిగించడానికి
కొరియా నించి ముగ్గురొచ్చారు.
రెండొందల మూడులో పార్క్.
రెండొందల నాలుగులో పార్క్.
అయిదులోనూ అదే.
"పార్కేటి, మున్సిపాల్టీ ఎదురుగున్నదా?" అన్నాడు ఓనరు.
సాయంత్రం స్టేషన్నించి ఫోను:
"ముగ్గురూ అన్నదమ్ములైతే
తండ్రులు ముగ్గురెందుకున్నార్రా?"

అన్నదమ్ములు కారు.
ఆ దేశంలో వందమందిని వరసగా నిలబెడితే
ఎనమండుగురు పార్కులేనట.
కిమ్‌లైతే ఇరవైకి దగ్గర.
కానీ ముందు ఇంటిపేరు, తరవాతే మనిషి,
అచ్చం మనలాగే.
ఆ ఒక్క సంగతితో నాకు చుట్టాలైపోయారు.

పెద్ద పార్కుకి నిద్ర పట్టదు.
రాత్రి పన్నెండుకి కిందికొచ్చి కూచునేవాడు.
మా ఇద్దరి మధ్యా ఒక ఫోను,
అది పలికే కొయ్య తెలుగు.
"పార్క్ కాదు, పాక్" అని దిద్దాడు ఓ రాత్రి.
చివర అచ్చు లేనిదే నిలవదు నా నాలిక.
"పాక" అన్నాను.
పాకంటే ఏమిటన్నాడు.

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.
టీకొట్టు అప్పలకొండమ్మ పాక,
ఒరిగిన నిట్రాట, నల్లబడ్డ తాటాకు,
నెత్తిన ఆనప పాదు,
మంచుకి తడిసి మెరుస్తూ ఒకే ఒక్క కాయ.
ఆయన కదల్లేదు.
వేలు చూపించి "బాక్" అన్నాడు. మళ్ళీ "బాక్".

వాళ్ళ మొదటి పార్కు గుడ్డులోంచి పుట్టాడట,
తెల్లగుర్రం మోకరిల్లిన బావి దగ్గర.
గుడ్డు ఆనపకాయంత ఉందని
రాజుకి ఆనపకాయ పేరే ఇంటిపేరు చేశారట.
"రాజైతే ఏటి బాబూ" అంది అప్పలకొండమ్మ
పొయ్యి ఊదుతూ,
"మా మామ్మ నీలు ముంచిన బుర్రే గదా."
ఫోను ఏం చెప్పిందో గాని
ఆయన వంగి, కనపడని తొట్టిలోంచి
కనపడని బుర్రతో నీళ్ళు ముంచి
"అమ్మ" అన్నాడు. తెలుగులోనే అన్నట్టుంది.

వెళ్ళే ముందు రాత్రి ఫోను ఇలా పలికింది:
"నేను గుడ్డు కాదు."
నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను.

తాతకి తాతకి ఇంటిపేరు లేదు.
దొరగారి పద్దులో ఎద్దు కింద వరస ఆయనది.
వదిలేశాక, రెండు బస్తాల బియ్యం మోసుకెళ్ళి
చితికిపోయిన ఓ పెద్దింటి వంశవృక్షంలో
చిన్న కొమ్మ కొనుక్కున్నాడు.
"ఆ ఎనమండుగురిలో
గుడ్డులోంచి ఎందరో బస్తాలోంచి ఎందరో
మేం అడుక్కోం" అన్నాడు.

నీ పేరేమిటన్నాడు.
గుమ్మడి తవిటయ్య.
గుమ్మడికాయ బొమ్మ చూసి
"పాదు ఒకటే" అని భుజం తట్టాడు.
మరి తవిటయ్య?

నాకు ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు.
నన్ను చాటలో పడుకోబెట్టి
పొరుగావిడకి ఇచ్చేసి,
చేరెడు తవుడు పోసి
మళ్ళీ కొనుక్కుంది మా అమ్మ,
ఈ సరుకు చవకదని చావు వదిలేస్తుందని.

ఫోను చాలాసేపు తిప్పలు పడింది.
ఆయన అరచెయ్యి దొప్పలా పట్టుకుని
చేరెడంటే ఎంతో
దీపం కింద చూస్తూ ఉండిపోయాడు.

తెల్లారి ముగ్గురూ విశాఖ కారెక్కేశారు.
ఆనపకాయ ముదిరింది,
ఇత్తనానికి ఉంచానంది అప్పలకొండమ్మ.

నెలాఖరుకి రిజిస్టరు తనిఖీ.
నేను రాసిన "పార్క్" పక్కన
ఎప్పుడు రాశాడో, నీలం సిరాతో ఒక్క అక్షరం:
నీళ్ళ తొట్టి, దాని పక్కన మేకు,
కింద కొడవలి.

"ఈ బొమ్మేటి?" అన్నాడు హెడ్డు.
"ఇల్లండి" అన్నాను.