గడి లేదు

పెన్ డ్రైవ్‌లో యాభై గిగాబైట్ల జాగా వెల్లకిలా పడుకుని ఉంది.
అయినా "చోటు చాలదు" అంటుంది యంత్రం.

కుటాయిసిలో పాటలు దాచే మేడ, మూడో అంతస్తు.
త్సియూరి తీగ మార్చింది, తిట్టింది, మళ్ళీ మొదలెట్టింది.
ప్రతిసారీ అదే చోట,
ఒడ్డు కనబడ్డాక మునిగే పడవలా
నాలుగో గిగాబైటు కొసన ఆగిపోతుంది.

ఉష్గులిలో ఒక రాత్రంతా పాడిన ముగ్గురు ముసలివాళ్ళు,
ఐదు గంటల ఇరవై నిమిషాలు, ఒకే ఫైలు.
బేజాన్ తాత ఇంట్లో పాత టీవీ ఉంది.
అది చదివేది ఈ పాత పద్ధతి డ్రైవ్ ఒక్కటే.
కొండకెళ్ళే వ్యాను నాలుగింటికి.

తప్పు ఎక్కడుందో రెండున్నరకి దొరికింది.
డ్రైవ్ లోపల ఒక పాతకాలం గుమాస్తా.
ఏ సరుకు కొలతైనా
ముప్పై రెండు గళ్ళ వరసలోనే రాస్తాడు.
గళ్ళన్నీ నిండితే
నాలుగువందల ఇరవైతొమ్మిది కోట్ల
నలభైతొమ్మిది లక్షల అరవైఏడు వేల
రెండువందల తొంభైఐదు.
ఆపైన ఒక్క బైటు వచ్చినా చేతులెత్తేస్తాడు.
గోదాం ఖాళీయే.
పద్దులో గడి లేదు.

సరే, కొయ్యాలి.
లెక్క ప్రకారం కత్తి పడేది
నాలుగు గంటల ఎనిమిదో నిమిషం మీద.
విని చూసింది: ఒక మాట సగంలో.
వెనక్కి జరిగింది. అక్కడా పాటే.
ఇంకా వెనక్కి.
ఈ ముసలివాళ్ళు ఎక్కడా ఆగరే!
ఒకడు ఊపిరి తీసుకుంటుంటే
ఇద్దరు మోస్తుంటారు,
వాడు తిరిగొచ్చి భుజం పెట్టేదాకా.

మూడు గంటల యాభైఒకటో నిమిషంలో
ఎవరో దగ్గారు.
పొయ్యి తలుపు కిర్రుమంది.
లోపల కట్టె పడింది.
తర్వాత, ఎవరూ ఏమీ అనని పదకొండు సెకన్లు.

అక్కడ కోసింది.
కట్టె చప్పుడు మాత్రం వదలబుద్ధి కాక
మొదటిదాని చివర ఉంచింది,
రెండోదాని మొదట్లోనూ పెట్టింది.

మూడు నలభై. కింద వ్యాను హారను.
మొదటి ఫైలుకి ఊరి పేరు, తేదీ రాసింది.
రెండోదానికి "రెండు" అని కొట్టి,
చెరిపేసి,
"కట్టె వేశాక" అని రాసి
మెట్లు దిగింది, చెప్పులైనా సరిగ్గా తొడగకుండా.