మాడిన గిన్నె

వల్పరైసో కొండ మీద
కర్ఫ్యూ పెట్టిన ఆ చలికాలం
తలుపులు తట్టడం నా ఉద్యోగం.
చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు.
ఒకటంటే బొత్తిగా అసంతృప్తి,
ఐదంటే పూర్తి సంతృప్తి,
మధ్యలో మూడు.

అందరూ మూడే.
చేపల బజారు ఒస్వాల్దో మూడు.
అతని చొక్కాలకి గుండీలు కుట్టే మిరెయా మూడు.
కొడుకు ఫోటోని గోడవైపు తిప్పి పెట్టిన టీచరమ్మ
కాసేపు నా బూట్లకేసి చూసి
"మూడు వేసుకో అమ్మాయ్" అంది.

మూడంటే గోడలకు చెవులున్నాయని.
మూడంటే, ముందు నువ్వెవరి మనిషివో చెప్పమని.
నెలాఖరున నా కాగితం కూడా నేనే నింపాను.
మూడు.

అందులో లేని ప్రశ్న ఒకటుంది:
మీ పక్కింటివాళ్ళు ఏమనుకుంటున్నారని
మీరనుకుంటున్నారు?
అడిగుంటే
ఇంటికొక్కరు చొప్పున ఒంటరివాళ్ళు దొరికేవాళ్ళు,
చుట్టూ ఊరంతా హాయిగా నిద్రపోతోందని నమ్మేవాళ్ళు.

జూలైలో ఒక మంగళవారం, కరెంటు పోయిన రాత్రి
ఎదువీనా ముసలమ్మ పాలన్నం మాడ్చుకుంది.
పొగ పోవాలని కిటికీ తెరిచి
గిన్నె అడుగు చెంచాతో గీకింది.
ఊడి రాలేదు.
కొట్టింది.
టంగ్. టంగ్. టంగ్.

కింది వాటాలో ఒస్వాల్దోకి
అది మాడని ఎలా తెలుస్తుంది?
ఎవరో మొదలెట్టారనుకున్నాడు. మూకుడు తీశాడు.
మూకుడు విన్న మిరెయా ఇద్దరున్నారనుకుంది.
ఆమె మూతల మోతకి
టీచరమ్మ ఇంటి కిటికీ తెరుచుకుంది.
ఆ తర్వాత నా లెక్క తప్పింది.
రేకుల కప్పుల కొండంతా ఒకటే మోత,
రేవులో ఓడలవాళ్ళు లైట్లు వేసి పైకి చూశారు.

నేనూ కొట్టాను. దబర మీద, గరిటెతో.
మొదట మెల్లగా,
పక్కింటి చప్పుడు చాటున నాది దాక్కునేంత.
ఎప్పుడు పెద్దదయిందో
చెయ్యికి తెలుసేమో, నాకు తెలీదు.

చాలా ఏళ్ళకి, అందరూ గట్టిగా మాట్లాడే రోజుల్లో
మళ్ళీ అట్ట పట్టుకుని అదే కొండెక్కాను.
ఆ రాత్రి మొదట కొట్టిందెవరు?
నలభై మూడు ఇళ్ళు. నలభై ఒక్క "నేనే"లు.
ఒకాయనకి చెవుడు.
ఒస్వాల్దో అయితే సొట్టపడ్డ మూకుడుని
మేకు కొట్టి గోడకి తగిలించాడు, పక్కన తేదీ.
తేదీ తప్పు. నేనేమీ అనలేదు.

చివరి ఇల్లు ఎదువీనాది.
చాలాసేపు ఆలోచించి
"ఏ రాత్రి?" అంది.

లోపల పొయ్యి మీద ఏదో మాడుతోంది.
లేచి నేనే కిటికీ తెరిచాను.