సిగ్నల్ లేనిదే దించను

ముప్పై నాలుగేళ్ళు
పోర్టులో క్రేను మీద కూర్చున్నాను.
పది టన్నుల మాంగనీసు మట్టిని
ఓడ కడుపులోకి దించుతుంటే
పక్కనున్న టీ గ్లాసు వణికేది కాదు.

అలాంటి చెయ్యి
అద్దం మీద ఆరు అంకెలు నొక్కడానికి
అరగంట తీసుకుంది మొదట్లో.
లివర్ల రాపిడికి బొటనవేలి గీతలు అరిగిపోయాయి.
బ్యాంకులో మిషను నన్ను ఒప్పుకోలేదు.
"వేలు మళ్ళీ పెట్టండి."
పెట్టాను. మళ్ళీ. మళ్ళీ.
వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు.
ఆ నిట్టూర్పు జ్ఞానాపురం దాకా
నాతోనే నడిచొచ్చింది.

నేర్పింది ఎవరనుకున్నారు,
మా వీధి చివర ఇస్త్రీబండి పైడమ్మ.
అరవై ఎనిమిదేళ్ళు. నాలుగో తరగతి.
"ఏటి బయం బాబూ? ఇరిగిపోతాదేటి?
నొక్కు.
చీర మాడితే ఎనక్కి రాదు గానీ
ఇదొస్తాది."

నొక్కాను.

మొన్నొకడు ఫోను చేశాడు. కమ్మని గొంతు.
సాయంత్రానికి నా ఖాతా మూసుకుపోతుందట,
ఇప్పుడే వచ్చిన నంబరు చెప్పెయ్యాలట,
తొందరట.
అదిగో, ఆ మాట దగ్గర దొరికిపోయాడు.
క్రేను ఎక్కాక తొందర అన్నవాడి మాట
నేనెప్పుడూ విన్లేదు.
కింద డెక్కు మీద తాతారావు
చెయ్యెత్తి, నా కళ్ళలోకి చూసి,
అరచెయ్యి నెమ్మదిగా వంచితేనే
బరువు దిగేది.
"నీ చెయ్యి కనబడ్డం లేదు నాయనా,
దించను" అన్నాను.
వాడికేం అర్థం కాలేదు, పెట్టేశాడు.
తాతారావుకైతే అర్థమయ్యేది.
పోయి పదకొండేళ్ళు.

నిద్ర పట్టని రాత్రుళ్ళు
ఫోన్లో సముద్రం తెరుస్తాను.
నీలం మీద చిన్నచిన్న బాణాలు,
లంగరేసి వంతు కోసం నిలబడ్డ ఓడలు.
వేలితో తడితే పేరు చెబుతాయి,
ఏ రేవునుంచి వచ్చాయో,
నీళ్ళలో ఎన్ని మీటర్లు మునిగున్నాయో.
అది చాలు నాకు,
కడుపుతో ఉందో ఖాళీదో చెప్పేస్తాను.

తెల్లారి ఆరింటికి వీధిలోకొచ్చి కేకేస్తాను:
"బొగ్గోడ లోపలికొచ్చిందర్రా! తూర్పుగాలి!
పదింటికల్లా బట్టలు తీసెయ్యండి!"
మొదట్లో నవ్వారు.
బడిపిల్లల తెల్లచొక్కాలు
మూడుసార్లు నల్లబడ్డాక
నవ్వడం మానేశారు.
ఇప్పుడు డాబాల మీంచి వాళ్ళే అడుగుతున్నారు,
"పెద్దయ్యా, ఇయ్యాల ఏటోడ?"

ఉండండమ్మా, చూస్తున్నా...
నా కళ్ళజోడేదీ,
పైడమ్మ బండి మీద మర్చిపోయినట్టున్నాను.