ఎడెంట్యులస్

అఫ్జల్‌గంజ్ పళ్ళ దవాఖానలో
ఏడో నంబరు కుర్చీ పక్కన కూచుని రాసేదాన్ని.
కేస్ షీటులో వేలెడంత గడి.
అందులో ఏం రాయాలో మొదటివారమే నేర్పారు:
ఎడెంట్యులస్.
ఒక్క పన్నూ లేని, అని.
నోటికి, దవడకి, మహా అయితే మనిషికి,
అంతకు మించి దేని ముందూ పెట్టకూడదట.

సుల్తాన్‌బజార్ బ్యాండులో నలభయ్యేళ్ళు
క్లారినెట్ ఊదిన దానయ్య
పడుకున్నవాడల్లా మెడ తిప్పి చూశాడు.
"ఏం రాసినవ్ బిడ్డా, గంత పొడుగు?"
చదివాను.
తనూ అనబోయాడు.
చివరి సున్నితమైన స దగ్గర
అడ్డం గోడ లేక గాలంతా బయటికి పోయింది.
"పండ్లున్నోళ్ళకే నోరు తిరిగే మాట
పండ్లు లేనోనికి పెట్టిన్రా!"
చిగుళ్ళన్నీ కనబడేలా నవ్వి,
"బోసి అంటే పోలే?"

బోసికి హద్దులు లేవు.
గొలుసు కుదువపెట్టిన మా అక్క మెడ బోసి,
దుకాణాలు కూలగొట్టినంక వాళ్ళ గల్లీ బోసి.
"డీజే వొచ్చినంక
బారాతే బోసి," అన్నాడు, ఈసారి నవ్వకుండా.

గడిలో బోసికి చాలా చోటుంది.
ఆడిట్‌వాళ్ళు ఒప్పుకోరు. పాత మాటే ఉంచాను.

డాక్టరమ్మ పైచిగురుకి గులాబీరంగు ముద్ద అదిమి
గట్టిపడేదాకా మాట్లాడొద్దంది.
మాట్లాడలేదు.
కుర్చీ చేతి మీద
ఆయన వేళ్ళు మాత్రం
లేని రంధ్రాలు మూస్తూ, తెరుస్తూ.