వాడుక తేదీ

చిరాగ్ అలీ లేన్‌లో మూడో అంతస్తు.
లిఫ్ట్ మీద "మరమ్మతులో ఉంది" కాగితం
ఈ ఆఫీసులో నాకంటే సీనియర్.

గుండ్ల నర్సవ్వ మెట్లెక్కి వచ్చి
ఊపిరి అందుకోకముందే
బల్ల మీద పొట్లం పెట్టింది.
బోరబండలో సుద్దరాయి దంచి, జల్లించి
సంచులకెత్తిన ముగ్గుపిండి.
మీద నీలం సిరాతో ఒకే మాట: సుక్క.
"గీ పేరు నాదని రాసియ్యి బిడ్డా."

ముగ్గుపిండి రెండో తరగతి కిందికొస్తుంది.
తరగతి కొట్టాను, పేరు కొట్టాను.
ఇంగ్లీషు అక్షరాలైతేనే మింగుతుంది సిస్టమ్.
మన ల, మన ళ దానికి ఒకటే రుచి.
నిమిషంలో కక్కింది:
సుఖ, గోడల సున్నం, డెబ్బై ఎనిమిది శాతం.
సూఖా, తొందరగా ఆరే రంగు, ఎనభై ఒకటి.
శుక్ర అని ఏదో వార్నిష్.
ఎనభై ఐదు దాటితేనే తెర ఎర్రబడుతుంది.
పచ్చగా ఉంది. దారి ఖాళీ అంది.

నా చెవి ఊరుకోలేదు.
దస్తగీర్ సాబ్ దగ్గర పదునెక్కిన చెవి.
కంప్యూటర్ రాకముందు ఆయన
కార్డుల డబ్బా మూసి, కళ్లు మూసుకుని
తలుపవతల నిలబెట్టి నాతో రెండు పేర్లూ అరిపించేవాడు.
"మొజంజాహీ చౌరస్తాలో, హారన్ల నడుమ
ఆటోవాలాకి ఏది వినిపిస్తుంది?
ఏ దుకాణం ముందు ఆపుతాడు? అదీ లెక్క."

మళ్లీ కొట్టాను, ఈసారి చ తో.
చుక్క.
అమీర్‌పేట కంపెనీ, రంగుల ముగ్గులు,
ఆరేళ్ల కిందటి రిజిస్ట్రేషన్.
సిస్టమ్‌కి చ ఒక అరలో, స ఇంకో అరలో,
మధ్యన గోడ ఉందనుకుంటుంది.

ఆ గోడ నాకు తెలుసు.
నేను చదివిన రెండో తరగతిలో
సుభద్ర టీచర్ నా అరచేతి మీద కట్టింది,
స్కేలు నిలువుగా పట్టుకుని.
"సుక్క కాదు. చుక్క. చు. చు."
ఆ రెండూ ఒకటి కాదని.

ఇప్పుడు నేనే రాయాలి
ఆ రెండూ ఒకటేనని,
వినేవాళ్లు పొరబడతారని,
తప్పు వెనకొచ్చినవాళ్లదేనని.

చెప్పాను.
నర్సవ్వ పొట్లం వైపు చూసింది, నా వైపు కాదు.
"ఆళ్లు చుక్క అంటరు. నేను సుక్క అంట.
ఆళ్లదాన్ని నేనెప్పుడన్న ముట్టుకున్ననా?"
తర్వాత నవ్వింది కూడా, ఎందుకో.

ఫారంలో ఒక గడి మిగిలింది.
ముందునుంచీ వాడినవాళ్లకి
కాస్త చోటిస్తుంది చట్టం, రుజువుంటే.
"ఎప్పట్నుంచి వాడుతున్నవ్ అవ్వా, ఈ మాట?"

"నోరు తిరిగినప్పట్నుంచి."

రోజు, నెల, సంవత్సరం.
రెండంకెలు, రెండంకెలు, నాలుగంకెలు.
కర్సర్ కొట్టుకుంటోంది.
పొట్లం ఎక్కడో చిరిగినట్టుంది,
నా వేళ్లకి పిండి.
ఏమీ రాయని కీబోర్డు మీద
అక్కడొకటి, ఇక్కడొకటి
తెల్లటి సుక్కలు.