నామాలూమ్

చండూరు నుంచి మొదటి బస్సుకు వచ్చేది.
కలెక్టరాఫీసు మెట్ల కాడ చెప్పులిడిచి
వాటిని సంచిలో పెట్టుకొని
పింఛన్ల సెక్షన్‌లో నా బల్ల ముందు నిలబడేది.
నేనప్పుడు కొత్త గుమస్తాను,
ఫైలు తాడుకు ముడి కూడా సక్కగ వెయ్యరాదు.

పేరు పున్న ఈదమ్మ.
నడుమును మా నల్లగొండ నీళ్లు వంచినయి,
పండ్ల మీద పసుపు గార.
వేళ్లు మాత్రం బల్ల అంచు వెంబడి
తెగిన పోగు ఏదో వెతుకుతున్నట్టు తిరిగేవి.

"జైలుకు పోయినట్టు కాగితమున్నదా అవ్వా?"
"కాగితం ఏసినోళ్ల దగ్గరుంటది గని బిడ్డా,
పడ్డోళ్ల దగ్గరెందుకుంటది?"

నాలుగోసారి వచ్చిన నాడు
రికార్డు రూము మునవ్వర్ సాబ్
చెదలు మిగిల్చిన రిజిస్టరొకటి మోసుకొచ్చిండు.
కుడి నుంచి ఎడమకు వేలు నడిపిస్తూ
ఒక్క కాడ ఆగిండు.
నామాలూమ్ ఔరత్. ఉమర్ అందాజన్ బీస్ సాల్.
పేరు తెలియని ఆడమనిషి,
ఇరవై ఏండ్లుండొచ్చు.
నేరం: ఊరి గవిని మీద మూడు రంగుల గుడ్డ కట్టుట.
ఏడు నెలల పదకొండు రోజులు.

"అగో, అది నేనే" అన్నది ఈదమ్మ,
పాత ఫొటోలో తనను గుర్తుపట్టినట్టు.

పేరు చెప్తే ఊరు చెప్పాలె.
ఊరు చెప్తే, కండెల బుట్ట అడుగున
చీటీలు దాచిన ఇల్లు చెప్పాలె,
నడిరాత్రి జొన్నచేనుకు గటుక మోసిన
మేనత్తను చెప్పాలె.
లాఠీ అడిగిన ప్రతిసారీ
ఆమె తన పేరును నమిలి మింగింది.

ఇప్పుడు సర్కారు మనది.
ఆ సర్కారుకు పేరెందుకు చెప్పలేదని
మన సర్కారు అడుగుతున్నది,
నా నోటితోనే.

ఇంకేమన్న సాక్ష్యం?
"గోడ మీద రాసిన."
ఇటుక పెల్లతో, లోపలే నేర్చుకున్న అక్షరాలతో.
ఋ రాయ రాలేదట,
అందుకే రుణమన్న కాడ అప్పు అని రాసిందట.
ఏటా దసరాకు సున్నం కొట్టేటోళ్లు.
ఎన్ని పొరల కిందున్నదో.

సూపరింటెండెంటు అన్నానికి పోయిండు.
చదువవ్వా అన్న, ఎందుకన్ననో.

"పేరడిగితివి జమేదారూ
పేరు ఇంటికాడ మరిచొచ్చిన
రాట్నం పక్కన.
పోయి తెచ్చుకో.
నూరు రాట్నాలు మా వాడల
ఒక్క తీరుగ మూలుగుతయి,
ఏ చేతి కింది మూలుగు నాదో
చెవి పెట్టి చెప్పు,
చెప్తే, నా అప్పు తీరినట్టే."

మునవ్వర్ సాబ్ కండ్లద్దాలు తీసి
చాలాసేపు తుడిచిండు.
నేను నోట్‌ఫైలు మీద రాసిన:
దరఖాస్తుదారు పేరుకు రికార్డుకు పొంతన లేదు.
అక్షరం కొట్టివేత లేకుండ, గుండ్రంగ రాసిన.
ఆ కాగితం వెనుక ఆమె పద్యం రాసుకున్న.
రెండు దిక్కుల్ది ఒక్కటే చేతిరాత.
ముప్పై ఏండ్లయింది, ఇంకా
ఏ దిక్కు తిప్పి చూసుకోవాలో తెలుస్తలేదు.

ఐదోసారి వచ్చింది.
పింఛను మాట ఎత్తలేదు.
కొంగు ముడి విప్పి రెండు రూపాయలు బల్ల మీద పెట్టింది.
"ఆ బుక్కుల రాసిందానికి నకలియ్యి బిడ్డా.
నేను చెప్పలేదని
ఆళ్లే రాసుకున్నరు గద."

ముద్ర వేసిచ్చిన.
కాగితం కండ్లకు దగ్గరగ పెట్టుకొని
"ఇండ్ల నా పేరేది?" అన్నది.
మునవ్వర్ సాబ్ చూపించిండు.
ఆమె వంకర వేలు ఆ మాట మీద పెట్టి
ఎడమ నుంచి కుడికి,
మళ్లా ఆయన చెప్తే కుడి నుంచి ఎడమకు,
మెల్లగ,
పోగు తెగకుండ
నడిపించింది.